గాలి సెన్సార్‌కు దోసెడు పసుపు

శేషాచలపతి గారికి ఏ పనీ పైపైన చేయడం నచ్చదు. చేస్తే మూలాల్లోకి వెళ్ళి చేస్తారు. చేయకపోయినా అంతే, మూలాల్లోకి వెళ్ళి మరీ చేయకుండా ఉంటారు. జిల్లా పశువైద్య శాఖకు ఆయన జాయింట్ డైరెక్టర్‌గా వచ్చాక జరిగిన మొదటి ఆయుధ పూజలోనే ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది.

ఆ రోజు ఆఫీసు ఆవరణలో సంచార పశువైద్య వ్యాన్‌ను శుభ్రంగా కడిగి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. డ్రైవర్ మస్తాన్‌వలి గుమ్మడికాయ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బానెట్ మీద మూడు బొట్లు పెట్టి, హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టి, పులిహోర తిని ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోవడం అక్కడి ఆనవాయితీ. శేషాచలపతి గారు ఆ బొట్లు చూసి పెదవి విరిచారు.

“ఇదేం పూజయ్యా? రేకుకు చేస్తున్నారు. బండిని నడిపేది రేకా, ఇంజనా?”

“ఇంజనే సార్,” అన్నాడు సూపరింటెండెంట్ దక్షిణామూర్తి. పై అధికారి ప్రశ్న వేస్తే అందులో ఆయనకు నచ్చే జవాబేదో ముందే పసిగట్టడం అతనికి సర్వీసంతా అలవాటైన పని.

“మరి తెరవండి బానెట్. దీనికి ఊపిరి ఎక్కడినుంచి పోతుంది?”

మస్తాన్‌వలి ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూపించాడు. శేషాచలపతి గారు దాని మూత తీయించారు. లోపల మడతలు మడతలుగా కాగితం ఫిల్టర్ ఉంది. అది పూజకు అడ్డమని దాన్నీ తీయించారు.

“ఇంజన్ స్టార్ట్ చెయ్యి. నిద్రపోయేవాడికి ఎవరైనా తీర్థం ఇస్తారా?”

ఇంజన్ గుర్రుమంది. ఆయన పళ్ళెంలోంచి పసుపు దోసిలి నిండా తీసి డబ్బాలో పోశారు. గాలితోపాటు ఇంజన్ దాన్ని సర్రున లాక్కుంది.

“స్వీకరించింది సార్!” అని దక్షిణామూర్తి కేకపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కుంకుమ పోశారు, ఆ తర్వాత సాంబ్రాణి పొగ వేశారు. పట్నం విలేకరి ఫోటో తీశాడు. ‘ఇంజన్ అంతరంగానికి పూజ చేసిన అధికారి’ అని మర్నాడు పేపర్లో పడింది. దాన్ని పటం కట్టించి జాయింట్ డైరెక్టర్ గారి గదిలో గోడకు తగిలించారు.

ఆ ఫోటోలో పళ్ళెం పట్టుకుని నిలబడింది డాక్టర్ స్వర్ణకుమారి. వ్యాన్ ఇన్‌చార్జి ఆమే. చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలకూ మేకలకూ టీకాలు వేయించే పని ఆమెది. నడిచే ఇంజన్‌లో పొడి పోయడం ఆమెకు ఏమాత్రం బాగోలేదు. అయినా పై అధికారి తన వైపు చూసేసరికి నవ్వింది. ఫోటోలో ఆ నవ్వు చక్కగా పడింది.

పూజ అయిన కొద్దిరోజులకే కొండ్రపాడు నుంచి చినంకయ్య వచ్చాడు. కొండ్రపాడు కొండ మీది పల్లె, చినంకయ్య గొర్రెల కాపరి. అతనికి పొలం లేదు, పుట్ర లేదు, ఉన్నదల్లా ఆ మందే.

“డాక్టరమ్మా, వాగవతల పారుడు రోగం వచ్చిందంట. ముక్కులు కారతా, నోళ్ళు పుండ్లు పడి, పారి పారి సచ్చిపోతన్నయ్యంట జీవాలు. అది వాగు దాటకముందే మావాటికి సూదులేపియ్యి తల్లీ.”

టీకాలు ఆఫీసు ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్నాయి. వాటి చల్లదనం చెడకూడదని, శాఖ వాహనంలోని ఐస్ పెట్టెలో తప్ప మరో రకంగా వాటిని బయటికి తీసుకుపోకూడదని నిబంధన. మంచి నిబంధనే. మంచి నిబంధనతోనే ఎక్కువ ప్రాణాలు తీయవచ్చని స్వర్ణకుమారికి అప్పటికింకా తెలియదు.

“రేపే వస్తా, మందను తోలకుండా దొడ్లోనే ఉంచు,” అని మాటిచ్చింది.

మర్నాడు వ్యాన్ కొండ మొదట్లోనే మొరాయించింది. మస్తాన్‌వలి యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంజన్ దగ్గి, వణికి, నీరసపడింది తప్ప బండి ఎక్కలేదు. డ్యాష్‌బోర్డులో పసుపురంగు దీపం వెలిగింది. రెండుసార్లు వెనక్కి వచ్చి ఊపందుకుని చూశారు. మూడోసారి ఆటోవాడొకడు వాళ్ళను దాటుకుపోయి, వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. ఇక చేసేదిలేక పట్నం వైపు తిప్పారు.

బైపాస్ పక్కన షెడ్డులో మెకానిక్ స్కానర్ తగిలించాడు. ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సార్ దగ్గర తేడా ఉందని అది చెప్పింది. మెకానిక్ సెన్సార్ ప్లగ్గు పీకి మళ్ళీ స్టార్ట్ చేశాడు. ప్లగ్గు ఉన్నప్పటికంటే లేనప్పుడే ఇంజన్ నిలకడగా తిరిగింది. తేడా అక్కడేనని తేలిపోయింది. మరలు విప్పి సెన్సార్ బయటికి తీశాడు. లోపలి సన్నటి తీగ మీద ఎర్రగా, పచ్చగా పూత పట్టి ఉంది.

మెకానిక్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “ఇదేందమ్మా, పసుపు వాసనొస్తంది?”

స్వర్ణకుమారికి విషయం అర్థమైంది. ఆ తీగ ఎప్పుడూ వేడిగా ఉంటుంది. గాలి తగిలితే చల్లబడుతుంది. ఎంత చల్లబడిందో చూసి ఎంత గాలి వచ్చిందో బండిలోని కంప్యూటర్ లెక్క కడుతుంది. పసుపు దుప్పటి కప్పుకుని కూర్చున్న తీగకు గాలి ఏం తగులుతుంది? గాలి రావడం లేదని అది చెబుతోంది. గాలి లేనప్పుడు డీజిల్ దేనికని కంప్యూటర్ కోత పెడుతోంది. కొండ ఎక్కవలసిన బండికి కడుపు మాడుతోంది.

“స్ప్రే కొట్టి ఆరబెడితే సరిపోద్ది. మీరు టీ తాగొచ్చేలోపల అయిపోద్ది,” అన్నాడు మెకానిక్.

స్వర్ణకుమారి సరేననబోయింది. మస్తాన్‌వలి అడ్డం పడ్డాడు.

“వద్దు మేడమ్. పోయినేడు లైటు బల్బు బయట మార్పిచ్చానని నాకు మెమో ఇచ్చారు. ఆ బల్బు మాడిపోయింది గానీ మెమో ఇంకా నడస్తానే ఉంది. ముందు ఆఫీసు పర్మిషన్ తీసుకోండి.”

స్వర్ణకుమారి చిన్నప్పటినుంచీ బుద్ధిమంతురాలు. సెన్సార్‌ను ఉన్నదున్నట్టు బిగించమంది. టీ తాగేలోపు అయ్యే పనికి అనుమతి అడగడంకంటే పెద్ద పొరపాటు ఆమె తన ఉద్యోగంలో మరొకటి చేయలేదు.

దక్షిణామూర్తి ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

“తుడుచుట అనునది చివరి అంశము మేడమ్. సదరు భాగము మీద సదరు ధూళి ఎవరి నిర్లక్ష్యము వలన చేరినదో ముందు తేలవలెను. బాధ్యత నిర్ణయించకుండా ధూళి తొలగించిన యెడల, అది సాక్ష్యమును రూపుమాపుట క్రిందకు వచ్చును.”

“అది మురికండీ దక్షిణామూర్తి గారూ, సాక్ష్యం కాదు.”

“ఇప్పటికి మురికి. విచారణ అయ్యాక ఏమవుతుందో మీరూ నేనూ ఎలా చెప్పగలం?”

“పసుపు వాసన వస్తోంది. మొన్న పూజలో పోశాం కదా!”

“వాసన రికార్డులోకి రాదు మేడమ్,” అన్నాడతను దయగా.

“పోనీ ప్లగ్గు పీకేసి నడిపిస్తాం. అలా బాగానే తిరుగుతోంది.”

దక్షిణామూర్తి కళ్ళు తెరిచాడు. “సెన్సార్ లేకుండా బండి నడుచునని మీరు తెలియజేసినచో, అసలు ఆ సెన్సార్ ఎందుకు కొన్నారని ఆడిట్ వారు అడుగుతారు. ఆ మాట నా ముందు అన్నట్టు నేను మర్చిపోతాను, మీరూ మర్చిపోండి.”

ఆ సాయంత్రమే బానెట్‌కు గుడ్డ చుట్టి లక్క సీలు వేశారు. దుమ్ము ఎవరిదో తేల్చమని సంబంధిత శాఖలన్నింటికీ లేఖలు వెళ్ళాయి. రోడ్ల శాఖవారు తమ రోడ్లన్నీ తారు రోడ్లనీ, తారున్న చోట దుమ్ము ఉండదనీ, దుమ్మున్న చోట ఉన్నది తమ రోడ్డు కాదనీ రాశారు. పంచాయతీవారు కొండ్రపాడు రోడ్డు ఇంకా శంకుస్థాపన దశలోనే ఉన్నదనీ, పుట్టని రోడ్డుకు దుమ్ము అంటగట్టడం అన్యాయమనీ రాశారు. గనులవారు ఒక అడుగు ముందుకేశారు. ఆ దుమ్ము తమదేనని రుజువైతే, అనుమతి లేకుండా ఖనిజం తరలించినందుకు వ్యాన్‌నే స్వాధీనం చేసుకుంటామన్నారు. దక్షిణామూర్తి ఆ జవాబుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మురిసిపోయాడు. విచారణ ముందుకు సాగుతోందన్నాడు. చివరికి మురికిని చిటికెడు గోకి లేబొరేటరీకి పంపారు.

స్వర్ణకుమారి రోజూ ఆ సీలు పక్కనుంచే తన గదికి పోయేది. ఐస్ పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సులో పోతానని రెండుసార్లు అడిగింది. బస్సు శాఖ వాహనం కాదన్నారు.

లేబొరేటరీ రిపోర్టు వచ్చిన రోజున దక్షిణామూర్తి దాన్ని నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాడు. పసుపు, కుంకుమ, సాంబ్రాణి మసి. మట్టి మాత్రం లేదు. అతను కాగితం మీదినుంచి తల ఎత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి ఎదురు గదిలోని పటం వైపు చూశాడు. బాధ్యత ఎవరిదో ఆ పటంలో నిలువెత్తున, నిండు దోసిలితో నిలబడి ఉంది.

జాయింట్ డైరెక్టర్ గారి గదిలో అత్యవసర సమావేశం పెట్టారు. శేషాచలపతి గారు రిపోర్టును ఇటు తిప్పి అటు తిప్పి చూశారు.

“పసుపు మంచిదా, చెడ్డదా?”

“మంచిది సార్. క్రిములను చంపుతుంది,” అన్నాడు దక్షిణామూర్తి.

“మంచిది చెడు చేస్తుందా?”

“చచ్చినా చేయదు సార్.”

“మరి చెడు ఎలా జరిగింది?”

దక్షిణామూర్తి కాసేపు పైకప్పు వైపు చూశాడు. “మోతాదు చాలలేదు సార్,” అన్నాడు.

శేషాచలపతి గారి ముఖం విప్పారింది. గదిలో అందరి ముఖాలూ అదే వరసలో విప్పారాయి, ఒక్క స్వర్ణకుమారిది తప్ప.

“సార్, అక్కడో సన్నటి తీగ ఉంటుంది. పసుపు దానికి అంటుకుని గాలి తగలనివ్వడం లేదు. కాస్త తుడిస్తే చాలు. కొండ్రపాడులో గొర్రెలు...”

“అంటే పసుపుదే దోషమంటారు. పూజే తప్పంటారు. నేనే బండి పాడుచేశానంటారు. అంతేనా డాక్టరుగారూ?” ఆయన గొంతు పెంచలేదు. “కాగితం మీద రాసి సంతకం పెట్టండి. రాసిస్తారా?”

స్వర్ణకుమారి గోడ వైపు చూసింది.

“రాసిస్తారా?”

గోడ మీది పటంలో పళ్ళెం పట్టుకుని తనే నవ్వుతోంది. “లేదు సార్,” అందామె.

మర్నాడు సర్క్యులర్ వెలువడింది. ‘శాఖలోని సమస్త వాహనములకు ప్రతి శుక్రవారము ఫిల్టరు తొలగించి, ఇంజను నడుచుచుండగా, దోసెడుకు తగ్గకుండా పసుపు సమర్పించవలెను. సమర్పించినట్లు ఫోటో పంపవలెను. పాటించని వారిపై తగు చర్య తీసుకొనబడును.’ తగు చర్య అన్న మాట చూశాక ఎవరూ దోసెడుతో సరిపెట్టలేదు. కొందరు చేటలతో పోశారు. ఒక ఉత్సాహవంతుడైన డాక్టరు, వచ్చే శుక్రవారం తనకు వేరే క్యాంపు ఉందని ఆ వారానిది కూడా ముందే పోసేశాడు.

కొద్దికాలానికే జిల్లాలో శాఖవారి బండి అన్నది రోడ్డు మీద కనిపించడం మానేసింది. అయితే బండ్లు ఆగిపోయాయని ఎవరూ రాయలేదు. ‘వాహనము స్థిరముగా ఉన్నది’ అని ఒకరు రాశారు. ‘వాహనము పసుపును స్వీకరించి తృప్తి చెందినట్లు కానవచ్చుచున్నది’ అని మరొకరు రాశారు. దక్షిణామూర్తి ఆ రెండో వాక్యాన్ని ఎర్ర సిరాతో గీత గీసి మెచ్చుకున్నాడు. పశువుల డాక్టర్లు షేర్ ఆటోల్లో మేకల పక్కన కూర్చుని తిరిగారు. ఆ మేకలకు జబ్బుంటే అక్కడే చూసేవారు.

అలా ఉండగా రాజధాని నుంచి అభినందన వచ్చింది. జిల్లా పశువైద్య శాఖ డీజిల్ వాడకం చరిత్రలో ఎన్నడూ లేనంతగా పడిపోయిందని, ఇంధన పొదుపులో రాష్ట్రానికే ఆదర్శమని, జాయింట్ డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి షీల్డు అందుకోవాలని అందులో ఉంది. ఆఫీసులో మిఠాయిలు పంచారు.

మిఠాయిలు పంచిన రోజునే చినంకయ్య మళ్ళీ వచ్చాడు. లోపలికి రాలేదు. సీలు వేసిన వ్యాన్ పక్కన నేల మీద కూర్చున్నాడు.

“వాగు దాటిందమ్మా,” అన్నాడు స్వర్ణకుమారిని చూసి. “సూడి గొర్రెలు కూడా పోతన్నయ్యి. పిల్లలకి పాలిచ్చేవీ పోతన్నయ్యి. ఆ పిల్లలు సచ్చిన తల్లి పొదుగు కాడే కుమ్ముతా నిలబడతన్నయ్యి, ఈడ్చినా రావు. మీ మందు పాడవ్వకుండా సల్లగానే ఉంది గదమ్మా?”

“ఉంది,” అందామె.

“అట్టా అయితే మంచిదే.”

తిట్టి ఉంటే ఆమెకు అంత సిగ్గు వేసేది కాదు. బండికి ఏమైందని అతను అడిగితే మస్తాన్‌వలి దాచకుండా చెప్పేశాడు. “ఇంజన్ నోట్లో దోసెడు పసుపు పోశారు పెదనాయనా. ప్రతి శుక్రవారం పొయ్యాలని ఆర్డరు కూడా ఏశారు. పసుపు పడితే గాలి లెక్క తప్పి బండి ఎక్కదు.” చినంకయ్య నవ్వలేదు. రెండుసార్లు అడిగి, సరిగ్గా తెలుసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట స్వర్ణకుమారికి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఈ మనుషులకు తీగ సంగతి, గాలి సంగతి, గొర్రెల సంగతి చెప్పి లాభం లేదు. వాళ్ళకు వాళ్ళ భాషలోనే చెప్పాలి. తిన్నగా శేషాచలపతి గారి గదిలోకి వెళ్ళింది.

“సార్, పూజ చేశాం గానీ మనం ఉద్వాసన చెప్పలేదు.”

ఆయన తల ఎత్తారు.

“పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి, వాడిన పసుపూ పూలూ నిర్మాల్యంగా తీసేయాలి కదా సార్. వినాయకుణ్ణయినా ఉద్వాసన చెప్పకుండా పీట మీదినుంచి కదిలించం. మన బండ్లు కదలకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?”

షీల్డు అందుకోవడానికి ఎలా వెళ్ళాలా అని పొద్దుటినుంచీ తల పట్టుకుని కూర్చున్న శేషాచలపతి గారు లేచి నిలబడ్డారు. “ఇంత మంది చదువుకున్నవాళ్ళున్నారు, ఇన్నాళ్ళూ ఈ మాట ఒక్కరూ చెప్పలేదేం?”

“ధూళి అయితే సాక్ష్యం సార్,” అన్నాడు దక్షిణామూర్తి, గుమ్మం దగ్గరినుంచే. “నిర్మాల్యం అయితే సాక్ష్యం కాదు. నిర్మాల్యానికి బాధ్యత నిర్ణయించనక్కర్లేదు.”

లక్క సీలు పగలగొట్టారు. బైపాస్ మెకానిక్‌ను పిలిపించారు. అతను సెన్సార్ విప్పి, తీగ మీద స్ప్రే కొట్టి, ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేసి బిగించాడు. దక్షిణామూర్తి పక్కన నిలబడి ఉద్వాసన మంత్రం చదివాడు. మంత్రం ఇంకా పూర్తికాలేదు, ఇంజన్ హాయిగా తిరగసాగింది. వారాల తరబడి జరగని పని నిజంగానే టీ తాగేంత సేపట్లో అయిపోయింది.

స్వర్ణకుమారి పరుగున పోయి ఐస్ పెట్టె తెచ్చి వ్యాన్‌లో పెట్టింది. వెనక్కి తిరిగేసరికి శేషాచలపతి గారు పట్టుపంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.

“సార్, కొండ్రపాడు వెళ్ళాలి. ఇవాళ కాకపోతే మంద మిగలదు.”

“కొండ్రపాడు ఎక్కడికి పోతుందమ్మా? షీల్డు ఆగదు. జిల్లాలో నడిచే బండి ఇదొక్కటే. మిగతావాటి ఉద్వాసనకు మంచిరోజు చూడాలి. ఆ పెట్టె దింపండి, తిరుగు ప్రయాణంలో షీల్డుకు చోటు కావాలి.”

పెట్టె దింపేశారు. వ్యాన్ గేటు దాటి, ఏమాత్రం దగ్గకుండా, రాజధాని వైపు దూసుకుపోయింది.

షీల్డుతో తిరిగివస్తూ ఆయన దారిలోని ప్రతి ఊళ్ళోనూ సన్మానం చేయించుకున్నారు. అదంతా ముగిశాక ‘ఆదర్శ శాఖ టీకా యాత్ర’ కొండ్రపాడుకు బయల్దేరింది. ముందు సీట్లో శేషాచలపతి గారు, వెనక దక్షిణామూర్తి, పట్నం విలేకరి, ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని స్వర్ణకుమారి. వ్యాన్ కొండను అవలీలగా ఎక్కింది. అంత తేలిగ్గా ఎక్కుతుంటే స్వర్ణకుమారికి ఏడుపొచ్చింది.

చినంకయ్య దొడ్డి ముళ్ళకంపలోపల సగానికి పైగా ఖాళీగా ఉంది. వెనక కొత్తగా పూడ్చిన గోతుల మీద సున్నం చల్లి ఉంది. మిగిలినవాటిలో కొన్ని ముక్కులు కారుతూ కంపవారగా నిలబడ్డాయి. స్వర్ణకుమారి ఎవరితోనూ మాట్లాడకుండా జబ్బువాటిని వేరు చేసి, ఆరోగ్యంగా ఉన్నవాటికి సూదులు వేయడం మొదలుపెట్టింది. శేషాచలపతి గారు షీల్డుతో ఒక ఫోటో, గొర్రెపిల్లతో ఒక ఫోటో తీయించుకున్నారు. పశుసంపదే పల్లెల ఊపిరని మాట్లాడారు. గొర్రెలు దగ్గుతుండడంవల్ల ఉపన్యాసం సరిగ్గా వినపడలేదు.

పొద్దు వాలుతుంటే ఆయన బయల్దేరదామన్నారు. అప్పుడు చినంకయ్య ఇంట్లోంచి పళ్ళెం పట్టుకుని వచ్చాడు. పళ్ళెం నిండా పసుపు ఉంది.

“అయ్యా, ఇయ్యాల శుక్రారం గదా. పెతి శుక్రారం బండి లోపల పసుపు పొయ్యాలని తమరే ఆర్డరేశారంట. మా ఊరి తరపున నేను పోస్తా.”

మస్తాన్‌వలి అంతకుముందే ఇంజన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తాడు. ఫిల్టర్ డబ్బా మూత తీసి, ఫిల్టర్ చేత్తో పట్టుకుని భక్తిగా పక్కన నిలబడ్డాడు. విలేకరి కెమెరా సర్దుకున్నాడు. చినంకయ్య దోసిలి నింపుకుని డబ్బా మీదికి వంగాడు.

“వద్దు! ఆగు! పోయొద్దు!” శేషాచలపతి గారు షీల్డు వదిలేసి పరుగెత్తారు.

“ఎందుకయ్యా? మంచిదంట గదా?”

“పసుపు పడితే బండి కదలదయ్యా! ఈ కొండ మీదే నన్ను ఉండిపొమ్మంటారా?”

ఆ మాట ఊరంతా విన్నది. చినంకయ్య దోసిలిలోని పసుపును మెల్లగా పళ్ళెంలో పోసుకున్నాడు.

“మీకు తెలుసన్నమాట,” అన్నాడు.

శేషాచలపతి గారు దక్షిణామూర్తి వైపు చూశారు. దక్షిణామూర్తి అప్పటికే బానెట్ అంచు మీద కాగితం పెట్టి రాస్తున్నాడు. రాయడం అయ్యాక గొంతు సవరించుకుని చదివాడు. “కొండ్రపాడు వాస్తవ్యుడు చినంకయ్య అను గొర్రెల కాపరి ఈ దినము ప్రభుత్వ వాహనము ఇంజనులో పసుపు పోయుటకు ప్రయత్నించగా అధికారులు చాకచక్యముగా నివారించిరి. వాహనము పూర్వము చెడుటకు సైతం ఇట్టి వారే కారకులని భావించి బాధ్యత నిర్ణయించడమైనది.” కాగితం స్వర్ణకుమారికి అందించాడు. “సాక్షి సంతకం పెట్టండి మేడమ్. ఎన్నాళ్ళకో తేలింది.”

ఆమె ఆఖరి సూది వేసి, చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. కింద ఖాళీ ఉన్నచోట రాసింది. ఆయుధ పూజనాడు ఫిల్టర్ తీయించి ఇంజన్‌లో పసుపు పోసినది జాయింట్ డైరెక్టర్ శేషాచలపతి గారనీ, పళ్ళెం పట్టుకున్నది తాననీ, పసుపు పడితే బండి కదలదని ఆయనే ఈ రోజు ఊరందరి ముందు అన్నారనీ రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

“సార్, అప్పుడు రాసిస్తారా అని అడిగారు కదా. రాసిచ్చాను.”

దక్షిణామూర్తి చదివి తెల్లబోయాడు. “ఇది నేను ఫైల్లో ఎలా పెట్టేది మేడమ్? తీసేసి వేరేది రాద్దాం.”

“తీయకూడదండీ. బాధ్యత నిర్ణయించకుండా తీసేస్తే సాక్ష్యాన్ని రూపుమాపినట్టు కదా?”

దక్షిణామూర్తి కలం జేబులో పెట్టుకున్నాడు. తన నిబంధనను తనమీదే ఎవరైనా ప్రయోగించవచ్చని అతను సర్వీసులో ఎప్పుడూ ఊహించలేదు. విలేకరి ఆ కాగితానికి కూడా ఫోటో తీసుకున్నాడు. శేషాచలపతి గారు వ్యాన్ ఎక్కి తలుపు వేసుకున్నారు.

స్వర్ణకుమారి ఎక్కలేదు. బండి వెళ్ళిపోయాక చినంకయ్య చేతిలోని పళ్ళెం తీసుకుంది. అందులో వేపనూనె పోయించి, మెత్తగా కలిపి, దొడ్లోకి వెళ్ళి నోళ్ళు పుండ్లు పడిన గొర్రెలకు ఒక్కొక్కదానికే పూయసాగింది. చినంకయ్య పక్కన కూర్చుని వాటి దవడలు పట్టుకున్నాడు. ఆ ఏడాది ఆ శాఖ పసుపును పూయవలసిన చోట పూసింది అదొక్కసారే.